గోడలో దొరికిన వెండి బిళ్ళ

మెరిసేదాకా తోమడం మన ఆడవాళ్ళకి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. ఇత్తడి బిందె కానీ, వెండి కుంది కానీ నల్లబడితే మన ప్రాణం ఊరుకోదు. చింతపండో, విభూతో, కుంకుడు రసమో పట్టుకుని కూర్చుంటాం. ఆ అలవాటు వల్లే ఆ మధ్య ఒక శ్రావణంలో నేను పరాయి సొమ్ము కొంత పాడుచేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా మీలో ఎవరింట్లోనైనా పాత గోడ పడగొట్టే పని ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

నా పుట్టిల్లు నందిగామ, అత్తవారిల్లు జగ్గయ్యపేట. 2022లో రెండూ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గాని, మేము మాత్రం ఇప్పటికీ "కృష్ణా జిల్లా మెట్ట వాళ్ళం" అనే చెప్పుకుంటాం. మా అత్తయ్యగారిది పాత పెంకుటిల్లు. వెనక వంటిల్లు మరీ పాతది. మూరెడు మందం మట్టిగోడలు, వాటికి ఎన్నిసార్లు కొట్టారో తెలియని సున్నం. శ్రావణంలో కొత్త వంటిల్లు మొదలెడదామని ఆషాఢంలోనే ఆ గోడలు పడగొట్టించాం.

పనికి ఇద్దరు మగవాళ్ళు, ఒకామె వచ్చారు. ఆమెది నందిగామ దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని ఆటోలో వచ్చేది. ఆ రోజు పదకొండింటికి మజ్జిగ ఇద్దామని నేను వెనక గుమ్మంలో నిలబడ్డాను. దీపం పెట్టుకునే గూడు కింద ఆమె పలుగు దించింది. ఒక పెద్ద మట్టిపెళ్ళ ఊడి కింద పడి పగిలింది. అందులోంచి నల్లటి బిళ్ళ ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి చెంగుతో తుడిచి, "ఇదేదో బిళ్ళండి అమ్మగారూ, బరువుగా ఉంది" అని నా చేతిలో పెట్టింది. ఇంకేమైనా ఉందేమోనని ఆమే చేత్తో మట్టంతా కెలికి చూపించింది. ఏమీ లేదు. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సాయంత్రం కూలితో పాటు ఆమెకి వంద రూపాయలు, ఒక జాకెట్టు ముక్క ఇచ్చాను. సంతోషంగా తీసుకుంది. బిళ్ళని నేను బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరాం. ఒక పక్క పక్కకి తిరిగిన మొహం. తల మీద ఆకుల దండ, వెనక ముడేసి రిబ్బను కట్టిన జుట్టు. "విక్టోరియా రాణే, సందేహం లేదు" అన్నారు అత్తయ్యగారు. మా వారు భూతద్దం పెట్టి చూసి, వెనక వైపు ఇంగ్లీషులో 'ఇండ్' అని మూడక్షరాలు కనిపించగానే, "ఇండియా అని ఉందిగా! కంపెనీ వాళ్ళ రూపాయి" అని తేల్చేశారు. మా ఇంట్లో అత్తయ్యగారి పెళ్ళినాటి విక్టోరియా రూపాయి ఒకటుంది. దాన్ని తెచ్చి ఈ బిళ్ళ మీద పెడితే చుట్టూ కందిగింజంత జాగా మిగిలింది. మరి రూపాయి ఎలా అవుతుంది?

ఇంతలో మా మరిది ఫోనులో ఏదో వీడియో చూపించాడు. పాత నాణెం ఉంటే లక్షలు, కోట్లు ఇస్తారట! "వదినా, మన దశ తిరిగింది" అని అందులోని నంబరుకి అప్పుడే ఫోను చేశాడు. అవతలి వాళ్ళు ఫోటో కూడా సరిగ్గా చూడకుండా పన్నెండు లక్షలన్నారు. ముందు రిజిస్ట్రేషనుకి 2,150 రూపాయలు కట్టాలన్నారు, రిజర్వు బ్యాంకు అనుమతి కూడా తామే తెప్పిస్తామన్నారు. మరిది డబ్బు పంపబోతుంటే ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఆపింది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకే సంబంధం లేదని, తమ పేరు చెప్పి ఫీజులు అడిగితే నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చిందట. కొనేవాడు మనకి డబ్బివ్వాలి గాని మన దగ్గర పుచ్చుకోవడమేమిటండీ? ఈ చిన్న సంగతి ఆశలో ఉన్నవాళ్ళకి తట్టదు.

ఫీజు కట్టలేదన్న మాటే గాని, ఆ పన్నెండు లక్షల మాట మాత్రం మా ఇంట్లో ఎవరి మనసులోంచీ పోలేదు. "ఎవరికీ చెప్పకండి" అన్నారు మా వారు. "గవర్నమెంటుకి తెలిస్తే పట్టుకుపోతారు" అన్నాడు మరిది. ఇరుగు పొరుగు అడిగితే, "అబ్బే, ఏదో ఇనప బిళ్ళ" అని నేనే అబద్ధమాడాను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం నాడు ఆ బిళ్ళని కలశం ముందు పెట్టాలని అత్తయ్యగారి కోరిక. నల్లగా పెడతామా మరి! ముందురోజు నేను చింతపండులో నానబెట్టి, విభూతితో తోమి, చాలక పళ్ళపొడితో రుద్ది, తెల్లగా తళతళలాడించాను. వ్రతానికి వచ్చిన ముత్తైదువులు చూడకుండా పువ్వుల కింద దాచిపెట్టాను కూడా. అమ్మవారి ముందు అదేం భక్తో!

తర్వాతి వారం నందిగామ వెళ్ళినప్పుడు కొంగున కట్టుకుని తీసుకెళ్ళాను. మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంటి నగలన్నీ చేసిన ఆచారి బాబాయిగారు ఒకరున్నారు. ఇప్పుడు చూపు తగ్గింది, అయినా చెయ్యి పెడితే లోహం చెప్పేస్తారు. ఆయన దాన్ని వేలి మీద నిలబెట్టి గోటితో మీటి, మోత విన్నారు. అంచు తడిమి చూశారు. "వెండే తల్లీ. గీటు మాత్రం పెట్టను. గీటురాయి మీద రాస్తే గీత పడుతుంది, పాత సరుక్కి అది మచ్చ" అన్నారు. త్రాసులో పెడితే 26 గ్రాముల 700 మిల్లీలు తూగింది. "మన పాత రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. ఇది రెండు తులాల పావు దాటింది. మన దేశపు కొలత కాదిది. కరిగించకు, తెలిసినవాళ్ళకి చూపించు" అన్నారు. ఇప్పుడు కొట్లలో తులమంటే పది గ్రాములే లెక్కేస్తున్నారు గాని, అసలు తులం బరువు ఆ రూపాయి బరువేనని నాకు ఆ రోజే తెలిసింది.

మా అమ్మాయి అక్కడే తన చదువు ప్రయోగించింది. త్రాసు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, అంకె సున్నా చేసింది. బిళ్ళకి దారం కట్టి, అడుగుకీ అంచులకీ తగలకుండా నీళ్ళలో ముంచి పట్టుకుంది. త్రాసు 2.6 గ్రాములు చూపించింది. 26.7ని 2.6తో భాగిస్తే పది పైచిలుకు వస్తుంది. నూటికి తొంభై వంతులు వెండి ఉన్న లోహానికి అది 10.3 దాకా ఉంటుందట. ఇత్తడో, జర్మన్ సిల్వరో అయితే ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోతుంది. ఆర్కిమెడిస్ సూత్రం నేనూ చదివాను. మార్కుల కోసం బట్టీ పట్టిందే గాని, వెండి పరీక్షకి వాడుకోవచ్చని ఎవరు చెప్పారు మాకు? మీ ఇంట్లో వెండి వస్తువు మీద అనుమానముంటే, రాళ్ళూ లక్కా లేని గట్టి వస్తువైతే మీరూ చేసి చూడండి. అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం ఇంకే పరీక్షా అక్కర్లేదు, అది వెండి కాదు.

బాబాయిగారే విజయవాడలో ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారి గురించి చెప్పారు. నలభై ఏళ్ళుగా నాణేలు పోగుచేస్తున్నారట. మా వారూ నేనూ వెళ్ళాం. ఆయన బిళ్ళని అంచులు పట్టుకుని ఎత్తారు, మనలాగా బొటనవేలు మొహం మీద పెట్టలేదు. చూసీ చూడగానే, "స్పెయిన్ దేశపు ఎనిమిది రియాళ్ళ నాణెం. స్పానిష్ డాలరంటారు" అన్నారు.

ఒక్కొక్క అక్షరం చూపించి చదివించారు. మొహం వైపు 'కరోలస్' అన్న పేరు, దాని పక్కన నాలుగు నిలువు గీతలు. అంటే స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్. రిబ్బను కట్టిన ఆ జుట్టు రాణిది కాదు, రాజుదే! కింద 1797. వెనక వైపు 'హిస్పాన్ ఎట్ ఇండ్ రెక్స్', అంటే స్పెయిన్‌కీ ఇండీస్‌కీ రాజు. మా వారు ఇండియా అనుకున్న 'ఇండ్' అదన్నమాట. కొలంబస్ ఇండియా అనుకుని చేరిన దేశాలకి ఆ పేరు పెట్టారు. 'ఎమ్' అక్షరం మీద బుల్లి సున్న ఉంటే మెక్సికో టంకశాల గుర్తు. 'ఎఫ్', 'ఎమ్' అన్న రెండక్షరాలు వెండి స్వచ్ఛతకి పూచీపడ్డ అధికారుల పొడి అక్షరాలు. మధ్యలో కిరీటమున్న డాలు. అందులో కోటలు, సింహాలు, అడుగున ఒక చిన్న దానిమ్మకాయ. డాలుకి అటూ ఇటూ రిబ్బను చుట్టిన రెండు స్తంభాలు. అంచు మీద ఒక సున్న, ఒక పలక, మళ్ళీ సున్న, మళ్ళీ పలక చొప్పున గొలుసులా చెక్కి ఉంది. అంచులు గీసి వెండి దొంగిలించకుండా ఆ ఏర్పాటట. పోత పోసిన నకిలీల్లో ఈ గొలుసు సరిగా రాదు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది. వీటికి నకిలీలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ చాలా వస్తున్నాయట.

"మెక్సికో ఎక్కడ, మా వంటిల్లు ఎక్కడండీ?" అన్నాను.

ఆయన నవ్వి చెప్పారు. మెక్సికోలోనూ, ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసి కొండలోనూ స్పెయిన్ వాళ్ళకి అంతులేని వెండి దొరికింది. దాంతో కొట్టిన ఈ నాణెం కొలతలో నమ్మకమైందని లోకమంతా చెల్లింది. అమెరికాలో కూడా 1857 దాకా చట్టబద్ధంగా చెల్లిందట. ఐరోపా కంపెనీలకి మన నేత బట్టలు కావాలి, వాళ్ళ సరుకేమో మనకి అక్కర్లేదు. కాబట్టి వెండి తెచ్చి బట్ట కొన్నారు. ఇంగ్లీషు వాళ్ళు మన బందరులో కొఠీ పెట్టింది 1611లో. వచ్చిన వెండిని ఎక్కువగా టంకశాలల్లో కరిగించి రూపాయలు కొట్టేవారు. అందుకే ఇవి ఉన్నవి ఉన్నట్టుగా మన వైపు అంతగా కనిపించవు.

ఇంకో వింత చెప్పారు. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాల వాళ్ళు ఇలాంటి స్పానిష్ డాలర్లనే తీసుకుని, వాటి మీదే మళ్ళీ ముద్ర గుద్ది అర వరహా నాణేలు చేశారట. ఒక వైపు గోపురం, రెండో వైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. కొన్నిటి మీద ముద్ర సరిగా పడక, గోపురం చాటున స్పెయిన్ రాజుగారి పేరులో ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయట. రాజుగారి మొహం మీద తెలుగు అక్షరాలు! పుస్తకంలో బొమ్మ చూపిస్తే నాకు భలే ముచ్చటేసింది.

1797 అంటే మా జగ్గయ్యపేట వైపు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి జమీ నడుస్తున్న కాలం. బేతవోలు అనే ఊరిని పెంచి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది ఆయనే. మా ఊరి పక్కన గుట్టనైతే ధనంబోడు అనే పిలుస్తారు, ధనమున్న దిబ్బ అని. అక్కడ నిజంగా ఉన్నది బౌద్ధస్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వించాడు. అందులో దొరికిన ఒక సున్నపురాతి పలక మీద చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మేఘాల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. రెండు వేల ఏళ్ళ నాటి ఆ శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా ఊరివాళ్ళకి నిధుల మీద మనసు పోవడం ఈనాటిది కాదనుకోండి!

"ఇంతకీ ఎంత చేస్తుందండీ?" మా వారు ఆగలేక అడిగేశారు. మనసులో పన్నెండు లక్షలు గంతులేస్తూనే ఉన్నాయి.

మాస్టారు కాగితం మీద లెక్క వేశారు. కొట్టినప్పుడు దీని బరువు 27 గ్రాములు. అరిగి 26.7 ఉంది. అందులో నూటికి తొంభై వంతులు వెండి, అంటే దాదాపు 24 గ్రాములు. లెక్క కోసం గ్రాము వంద రూపాయలనుకుంటే 2,400. ఏ రోజు వెండి రేటుకి ఆ రోజు లెక్క. అది అడుగు ధర. దాని పైన సేకరించేవాళ్ళు ఇచ్చేది నాలుగు సంగతుల మీద ఉంటుంది. అరుదైన సంవత్సరమా, ఏ టంకశాల, అక్షరాలు ఎంత నిలిచాయి, పైన ముట్టుకోని పాత రంగు ఉందా లేదా. "మెక్సికోలో ఆ రోజుల్లో ఏటా కోటికి పైగా ఇవి కొట్టారమ్మా. కాబట్టి పాతది గాని అరుదైనది కాదు. ముట్టుకోకుండా తెచ్చి ఉంటే వెండి ధర మీద ఇంకో సగం పలికేది. ఇప్పుడు వెండి ధరే" అన్నారు.

"ఇప్పుడేమైందండీ?" అన్నాను, తెలిసే.

భూతద్దం ఇచ్చారు. రాజుగారి చెంప మీద సన్నటి గీతలు, వందల కొద్దీ. నా విభూతి, నా పళ్ళపొడి! "ఆ నలుపు మురికి కాదు. రెండు వందల ఏళ్ళు వెండి తన మీద తాను కప్పుకున్న దుప్పటి. తీసేస్తే మళ్ళీ రాదు" అన్నారు. నేను తలెత్తలేదు.

అప్పుడాయన ఇంకో ప్రశ్న వేశారు. "ఇది ఎవరికి దొరికింది?"

"మా ఇంట్లో దొరికిందండీ."

"ఎక్కడ అని కాదమ్మా, ఎవరికి?"

చెప్పాను. ఆయన 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం సంగతి చెప్పారు. నేలలో గాని, నేలకి అంటి ఉన్న గోడలాంటి దాంట్లో గాని దాగి ఉండి పది రూపాయల విలువ దాటింది ఏది దొరికినా, దొరికినవాళ్ళు వీలైనంత త్వరగా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. వస్తువుని ట్రెజరీలో పెట్టాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన వేయిస్తారు. హక్కుదారులు ఎవరైనా ఉంటే రావడానికి కనీసం నాలుగు నెలల గడువు ఉంటుంది. ఎవరూ రాకపోతే, ముందుగా వేరే ఒప్పందమేమీ లేకపోతే, దొరికినవాళ్ళకి మూడు వంతులు, స్థలం వాళ్ళకి ఒక వంతు. సర్కారు తానే ఉంచుకోదలిస్తే లోహం విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది. తెలపకుండా దాస్తే దొరికినవాళ్ళ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. దాచడానికి సాయపడ్డ స్థలం వాళ్ళకీ శిక్ష ఉంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకి పంపించి అమ్మిద్దామా అన్న ఆలోచన కూడా ఆ పూటతో తెగిపోయింది. వందేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరమట.

దారిలో బస్సులో మా వారూ నేనూ మాట్లాడుకోలేదు. నాలుగింట మూడు వంతులు ఆమెవి. నేను వంద రూపాయలు, జాకెట్టు ముక్క ఇచ్చి దానకర్ణుడిలా ఫీలయ్యాను. పైగా నేను తోమిపారేసింది నా సొమ్ము కాదు, ఆమె సొమ్ము.

మర్నాడు మేస్త్రిని పిలిచి ఆమె గురించి అడిగాను. "ఆమెని పనిలోకి పిలవడం మానేశానండి" అన్నాడు. గుండె గతుక్కుమంది. ఎందుకంటే, మా గోడలో లంకెబిందె దొరికిందని, ఆమె మాకు ఒక్క బిళ్ళ చూపించి మిగతాది చీకటి పడ్డాక పట్టుకెళ్ళిందని ఊళ్ళో పుట్టిందట. "మీరేమో ఇనప బిళ్ళంటిరి, వాళ్ళేమో వెండి అంటిరి. ఎక్కడో మతలబు ఉందనుకున్నారండి జనం. అలాంటి మనిషిని ఇంకో ఇంట్లో గోడ కొట్టడానికి ఎలా తీసుకెళ్ళను?"

చూశారా! ఒక్కటే దొరికిందని కళ్ళారా చూసిన సాక్షిని నేను. గుమ్మంలో మజ్జిగ చెంబుతో నిలబడి చూశాను. నేను నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పుకారు ఆ సాయంత్రమే చచ్చేది. కానీ మేము దాస్తున్నాం గదా, నోరెలా విప్పుతాం?

ఆ మధ్యాహ్నమే మా అమ్మాయిని తోడు తీసుకుని ఆమె ఊరు వెళ్ళాను. మిరప తోటలో కలుపుకి వెళ్ళిందన్నారు. ఇంటి పనికి ఆరొందలిచ్చే చోట, కలుపుకి అందులో సగం. అది కూడా రోజూ దొరకదు. సాయంత్రం వచ్చింది. నన్ను చూడగానే ఆమె మొహంలో రక్తం లేదు. నేను ఇల్లు వెతకడానికి వచ్చాననుకుంది పాపం! "ఒక్కటేనండి అమ్మగారూ, నా పిల్లల మీద ఒట్టు" అంది. అంతకంటే నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

మంచం మీద కూర్చుని అంతా చెప్పాను. అది ఏ దేశపు నాణెమో, ఎంత చేస్తుందో, చట్టంలో ఆమె వాటా ఎంతో, నేను తోమి ఎంత పాడుచేశానో అన్నీ చెప్పాను. చుట్టుపక్కల వాళ్ళు వింటున్నారని తెలిసి కావాలనే గొంతు పెంచి చెప్పాను.

రెండు రోజుల తర్వాత మా వారు, ఆమె, నేను కలిసి వెళ్ళి అర్జీ ఇచ్చాం. మా అమ్మాయి రాసింది. దొరికిన మనిషిగా ముందు ఆమె పేరు, స్థలం యజమానిగా తర్వాత అత్తయ్యగారి పేరు. దొరికింది "ఒకే ఒక వెండి నాణెం" అని రాసి, దాని బరువు, సంవత్సరం, రెండు వైపులా ఉన్న గుర్తులు, దొరికిన చోటు, తేదీ వేశాం. ఆలస్యానికి కారణం మేమేనని కూడా ఒక వాక్యం పెట్టించాను. మా వారు కొంచెం గొణిగారు గాని సంతకం చేశారు. నాణెం అప్పగించి, ముద్ర వేసిన నకలు తీసుకున్నాం. నకలు రెండు ప్రతులు చేయించి ఒకటి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని మడత పెట్టి జాకెట్టులో దోపుకుంది. మర్నాడు మేస్త్రికి చూపించిందట. "ఒకే ఒక" అన్న మాట దగ్గర వేలు పెట్టి చదివించిందట. ఆ వారమే మళ్ళీ పనిలోకి వచ్చింది.

ఇక నా లెక్క మిగిలింది. పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బులు తీసి, నా తోముడు వల్ల తగ్గిన విలువ కింద ఆమెకి ఇవ్వబోయాను. ఆమె పుచ్చుకోలేదు. "బిళ్ళ తోమినందుకు వద్దండి. వెండి నల్లబడితే నేనైనా తోముదును. పని పోయిన రోజులకి ఇవ్వండి, తీసుకుంటాను" అంది.

సూటిగా అడిగింది, న్యాయంగా అడిగింది. ఇద్దరం కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టాం. పద్ధెనిమిది రోజులు. ఆరొందల చొప్పున 10,800. అప్పటి రేటున ఆ నాణెంలో ఉన్న వెండంతా కలిపినా అంత రాదు. అంటే మెక్సికోలో కొట్టి, సముద్రాలు దాటి, గోడలో పడుకుని వచ్చిన ఆ వెండి కంటే మేము మాట్లాడకుండా కూర్చున్న రోజుల ఖరీదే ఎక్కువైంది. మా వారు సగం, నేను సగం వేసుకుని ఇచ్చాం. ఆమె కలుపు పనిలో వచ్చిన కూలి తీసేసి మిగతాదే పుచ్చుకుంది. నాణెం మీద ఏం వచ్చినా మా వంతు కూడా ఆమెకే ఇవ్వమని అత్తయ్యగారు చెప్పేశారు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, పాత గోడలోనో, పెరట్లోనో ఏదైనా బిళ్ళ దొరికితే తోమకండి. మట్టి ఉంటే మంచినీళ్ళలో ముంచి తీసి, రుద్దకుండా మెత్తటి పాత నూలుగుడ్డ మీద ఆరనివ్వండి. అంచులు పట్టుకోండి. ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం పొట్లంలో పెట్టండి. గీటు పెట్టించకండి, కరిగించకండి. బరువు, అడ్డం కొలత, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. ఫోనులో లక్షలన్నవాళ్ళకి రూపాయి కూడా పంపకండి. అన్నిటికంటే ముందు, ఎవరి చేతికి దొరికిందో వాళ్ళ పేరు నలుగురి ముందూ చెప్పండి, ఒకటి దొరికితే ఒకటనే చెప్పండి, అర్జీ ఆ వారమే ఇవ్వండి.

మా కొత్త వంటిల్లు పూర్తయింది. దీపపు గూడు మళ్ళీ అక్కడే పెట్టించాం. దాని కింద గోడకి సిమెంటు పూసింది ఆమే.